ఎవరు పలికారు, ఎవరు పలకలేదు: టీసీపీడంప్ వాడకం మొదటి నుంచి

"అన్నా, సర్వర్ బాగా స్లో అయిపోయింది" అని విజయవాడ బ్రాంచి నుంచి ఫోన్. ఏది స్లో అంటే "అన్నీ" అంటాడు కుర్రాడు. పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే కమాండ్) కొట్టమంటే బాగానే వస్తోంది. స్పీడ్ టెస్ట్‌లో స్పీడ్‌కి లోటు లేదు. అప్పటికే రౌటర్ రెండుసార్లు ఆపి వేశాడట, కేబుల్ కూడా మార్చాడట. అయినా ఆ సర్వర్ నుంచి బయటి సైట్ దేన్ని పిలిచినా కాసేపు ఊరకే కూర్చుంటుంది, తర్వాత చటుక్కున పని అయిపోతుంది.

నేనున్నది హైదరాబాద్‌లో. ఫోన్‌లోనే చెబుతూ అతని చేత ఒక కమాండ్ కొట్టించాను. సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. అదేమిటో కొంచెం ముందుకెళ్లాక చెబుతాను, ఎందుకంటే ఆ వరుసలు చదవడం వస్తేనే అందులో మజా. కమాండ్ పేరు టీసీపీడంప్.

ఒక మాట ముందే చెప్పాలి. "తప్పు ఇక్కడుంది" అని ఈ పనిముట్టు ఎప్పుడూ చెప్పదు. కంప్యూటర్ల మధ్య జరిగే సంభాషణను ఉన్నదున్నట్టు మన ముందు పోస్తుంది, అంతే. ఎవరు పలికారు, ఎవరు పలకలేదు, ఎంతసేపటికి పలికారు అన్నది మనమే చూసుకోవాలి. కొత్తవాళ్లు కనిపించే వరుసల వెంట పడతారు. చెయ్యి తిరిగినవాళ్లు రావలసి ఉండీ రాని వరుస కోసం వెతుకుతారు.

కమాండ్లు చదివే పద్ధతి

ఆ కుర్రాడికి ఫోన్‌లో ఎలా చెప్పానో ఇక్కడా అలాగే, పలికే పద్ధతిలోనే రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్దక్షరం కావలసిన చోట ఆ సంగతి విడిగా చెబుతాను. సుడో అంటే ఎస్-యు-డి-ఓ, అది ముందు పెడితే కమాండ్ రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) పేరున నడుస్తుంది. టీసీపీడంప్ అంటే టి-సి-పి-డి-యు-ఎం-పి, మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాట. అడ్డగీత కనిపిస్తే మైనస్ గుర్తే, దాని తర్వాత వచ్చేది మామూలుగా ఒక్క అక్షరం. అంటే "-ఎన్" అన్నచోట మైనస్ పెట్టి ఎన్ అనే ఒక్క అక్షరం కొట్టాలి. గుర్తులు, అంకెలు ఎలా ఉంటే అలాగే.

ముందు అనుమతి సంగతి

ఇది మీ సొంత కంప్యూటర్ మీద, మీ ఇంటి నెట్‌వర్క్‌లో, లేదా మీరు చూసుకోవాల్సిన సర్వర్ మీద వాడుకునే పనిముట్టు. ఆఫీసులో అయితే పైవాళ్లను అడిగి, ఒక మెయిల్‌లో రాయించుకుని మొదలుపెట్టండి. మన దేశపు సమాచార సాంకేతిక చట్టం, 2000లో 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లో చొరబడినా, డేటా కాపీ చేసినా తప్పే. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇది చెప్పగానే ఎవరో ఒకరు అడుగుతారు: "అయితే పక్కింటివాళ్లు ఫోన్లో ఏం చూస్తున్నారో కనిపిస్తుందా?" కనిపించదు. ఇప్పటి స్విచ్‌లు ఎవరి ప్యాకెట్ (నెట్‌వర్క్ మీద పోయే డేటా ముక్క) వాళ్లకే పంపుతాయి. వైఫైలో మామూలుగా కనెక్ట్ అయి ఉన్నప్పుడు కూడా మీ మెషీన్ మాట్లాడేది, అందరికీ కలిపి వేసే కేకలు మాత్రమే మీకు అందుతాయి. వినోదం ఆశించి వచ్చినవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు.

ఎక్కించుకోవడం

ఉబుంటు, డెబియన్ అయితే "సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ టీసీపీడంప్". ఫెడోరా, రెడ్‌హ్యాట్ వాళ్లు ఏపీటీ బదులు డీఎన్‌ఎఫ్ కొట్టాలి. మ్యాక్‌లో ముందే ఉంటుంది. విండోస్‌లో ఇది లేదు. అక్కడ విండోస్ 10 కాలం నుంచి పీకేటీమాన్ అనే సొంత పనిముట్టు వస్తోంది, దాని పద్ధతి వేరు. విండోస్‌లోపలి లినక్స్‌లో టీసీపీడంప్ ఎక్కించుకుంటే మామూలుగా ఆ లోపలి లినక్స్ మాటలే వినిపిస్తాయి, బయటి విండోస్‌వి కాదు. తెలియక చాలామంది గంటలు పోగొట్టుకుంటారు.

పాత పనిముట్టే ఇది. 1988లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌లో వాన్ జేకబ్‌సన్, సాలీ ఫ్లాయిడ్, వెర్న్ పాక్సన్, స్టీవెన్ మెకాన్ రాశారు. ప్యాకెట్ వెళ్లే దారి చూపించే ట్రేస్‌రూట్ రాసింది కూడా ఈ జేకబ్‌సనే. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత కూడా ఏ లినక్స్ సర్వర్‌లోకి వెళ్లినా ఇది ఉంటుంది, లేకపోతే నిమిషంలో ఎక్కుతుంది. బొమ్మలతో చూపించే వైర్‌షార్క్ ఇంతకన్నా చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ స్క్రీనే లేని సర్వర్‌లోకి రాత్రి రెండింటికి రిమోట్‌గా వెళ్లినప్పుడు చేతికందేది టీసీపీడంపే.

ఏ ఇంటర్‌ఫేస్ దగ్గర కూర్చోవాలి

కంప్యూటర్‌కి నెట్‌వర్క్ వచ్చే దారులు (వీటినే ఇంటర్‌ఫేస్‌లు అంటారు) ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి: కేబుల్, వైఫై, వీపీఎన్, డాకర్ వేసుకున్నవి. వాటి జాబితా కోసం ఇలా కొట్టండి. ఇక్కడ డి పెద్దక్షరం:

సుడో టీసీపీడంప్ -డి

కేబుల్‌కి ఈటీహెచ్0 అనో ఈఎన్‌ఎస్33 అనో, వైఫైకి డబ్ల్యూఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే పేరో కనిపిస్తుంది. ఎల్ఓ అంటే మెషీన్ తనలో తాను మాట్లాడుకునే దారి. అదే మెషీన్‌లో ఉన్న వెబ్ సర్వర్‌కీ డేటాబేస్‌కీ మధ్య గొడవ వస్తే చెవి పెట్టాల్సింది అక్కడే. లినక్స్‌లో ఎనీ (ఏ-ఎన్-వై) అని ఇంకొకటి ఉంటుంది, అన్ని దారులూ కలిపి చూపిస్తుంది. ఏది ఎంచుకోవాలో తోచకపోతే ఎనీతో మొదలుపెట్టండి. ప్యాకెట్ ఏ దారిన వస్తోందో తెలిశాక ఆ ఒక్కదానికే మారండి.

మొదటి కమాండ్

సుడో టీసీపీడంప్ -ఐ ఎనీ -ఎన్ -సి 20

-ఐ తర్వాత ఇంటర్‌ఫేస్ పేరు. -సి 20 అంటే ఇరవై ప్యాకెట్లు చూపించి ఆగిపో అని. అది పెట్టకపోతే మీరు కంట్రోల్, సి కలిపి నొక్కేదాకా వరుసలు పారుతూనే ఉంటాయి.

ఈ మూడింట్లో ముఖ్యమైనది -ఎన్. అది లేకపోతే టీసీపీడంప్ ప్రతి ఐపీ అడ్రస్‌కీ పేరు వెతకడానికి తనే డీఎన్‌ఎస్‌ని (పేర్లకూ ఐపీ అడ్రస్‌లకూ లంకె చెప్పే సర్వర్) అడుగుతుంది. ఆ అడగడం కూడా నెట్‌వర్క్ మీదే కదా, అవీ మీ వరుసల్లో వచ్చి కలుస్తాయి. దొంగ అడుగుజాడలు వెతకబోయి మన చెప్పుల గుర్తులే చూసి కంగారుపడినట్టు. పైగా డీఎన్‌ఎస్సే చెడిపోయి ఉంటే స్క్రీన్ మీద వరుసలు కూడా నత్తనడక నడుస్తాయి. నా వరకు -ఎన్ లేకుండా ఈ కమాండ్ కొట్టే సందర్భమే రాదు.

ఇంకో ఉచ్చు ఉంది. సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్‌గా లాగిన్ అయ్యే పద్ధతి, మామూలుగా పోర్ట్ 22) ద్వారా వెళ్లి ఈ కమాండ్ కొడితే స్క్రీన్ మీద వరద వస్తుంది. ఒక వరుస అచ్చయితే దాన్ని మీ దగ్గరికి మోయడానికి ఒక ప్యాకెట్, ఆ ప్యాకెట్‌కి మళ్లీ ఒక వరుస. అద్దానికి అద్దం చూపించినట్టే. అందుకే రిమోట్‌గా ఉన్నప్పుడు చివర్లో మన మాటలు వద్దని చెప్పాలి:

సుడో టీసీపీడంప్ -ఐ ఎనీ -ఎన్ నాట్ పోర్ట్ 22

ఒక్క వరుసను నిదానంగా

10:42:07.318204 ఐపీ 192.168.1.14.51320 > 203.0.113.10.443: ఫ్లాగ్స్ [ఎస్], సీక్ 2817440911, విన్ 64240, లెంగ్త్ 0

మధ్యలో ఆప్షన్స్ అని ఇంకొంత ఉంటుంది, ఇక్కడ తీసేశాను. మొదటిది టైమ్, సెకనులో పదిలక్షవ వంతు దాకా. తర్వాత పంపినవాడు, బాణం, అందుకోవాల్సినవాడు. ఐపీ అడ్రస్‌లో నాలుగు అంకెలే కదా, అయిదోది ఎక్కడిదని డౌట్ రావచ్చు. అది పోర్ట్, అంటే ఆ మెషీన్‌లో ఏ ప్రోగ్రాంకి అని చెప్పే తలుపు నంబర్. 443 అంటే హెచ్‌టీటీపీఎస్. 51320 అనేది మన మెషీన్ ఆ ఒక్క కనెక్షన్ కోసం అప్పటికప్పుడు తీసుకున్న నంబర్.

అసలు కథంతా చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. [ఎస్] అంటే "మాట్లాడదామా?" [ఎస్.] అంటే "సరే, మాట్లాడదాం." ఒంటి చుక్క [.] అంటే "అందింది." [పి.] అంటే సరుకు వస్తోంది. [ఎఫ్.] అంటే "ఇక ఉంటాను." [ఆర్] గానీ [ఆర్.] గానీ వస్తే మొహం మీదే తలుపు వేసినట్టు. ప్రతి టీసీపీ కనెక్షన్ ఎస్, ఎస్ చుక్క, చుక్క అనే మూడు వరుసలతో మొదలవుతుంది. ఇవి కంఠస్థం వస్తే సగం పని వచ్చేసినట్టే.

సీక్ అంటే సరుకు ఎన్నో బైట్ నుంచి అని చెప్పే వరుస సంఖ్య, విన్ అంటే ఒక విడతలో ఎంత తీసుకోగలనన్న మాట. చివరి లెంగ్త్ మోసిన సరుకు బరువు, బైట్లలో. 0 అంటే ఉత్త పలకరింపు.

టైమ్ పద్ధతి మార్చుకోవచ్చు. మైనస్ తర్వాత మూడు టీలు కొడితే ముందు వరుసకీ దీనికీ మధ్య ఎంత సమయం గడిచిందో చూపిస్తుంది. నాలుగు టీలు కొడితే తేదీతో సహా వస్తుంది. ఆలస్యాల కేసులో మూడు టీలు, రేపు ఎవరికైనా చూపించాల్సిన కేసులో నాలుగు.

ఫిల్టర్లు

రద్దీగా ఉండే సర్వర్‌లో ఫిల్టర్ లేకుండా చూడడం తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడి గొంతు వినాలనుకోవడమే. కమాండ్ చివర్లో మామూలు మాటల్లా రాయడమే ఫిల్టర్:

హోస్ట్ 203.0.113.10 అంటే ఆ అడ్రస్ నుంచి వచ్చేవీ, దానికి పోయేవీ. ముందు ఎస్ఆర్‌సీ పెడితే అక్కడి నుంచి వచ్చేవి మాత్రమే, డీఎస్‌టీ పెడితే అక్కడికి పోయేవి మాత్రమే. నెట్ 192.168.1.0/24 అంటే ఆ వీధి మొత్తం. పోర్ట్ 53 డీఎన్‌ఎస్, పోర్ట్ 67 లేదా 68 అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ. ఐసీఎంపీ అంటే పింగ్, దాని చుట్టాలు. ఏఆర్‌పీ అంటే "ఈ అడ్రస్ ఎవరిది, నాకు చెప్పండి" అని లోకల్ నెట్‌వర్క్‌లో వేసే కేక. వీటిని యాండ్, ఆర్, నాట్ అనే ఇంగ్లిషు మాటలతో కలపాలి:

సుడో టీసీపీడంప్ -ఐ ఈఎన్‌ఎస్33 -ఎన్ 'హోస్ట్ 203.0.113.10 యాండ్ (పోర్ట్ 80 ఆర్ పోర్ట్ 443)'

ఆ ఒంటి కొటేషన్లు మర్చిపోవద్దు. అవి లేకపోతే బ్రాకెట్లను టెర్మినల్ తన కోసమే అనుకుని ఎర్రర్ కొడుతుంది. ఫోన్‌లో చెప్పేటప్పుడు ఎక్కువసార్లు తడబడేది కూడా ఇక్కడే.

ఫిల్టర్ పెట్టడం కంటికి సుఖం కోసం మాత్రమే కాదు. మీరు రాసింది ఒక చిన్న ప్రోగ్రాంగా మారి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోపలే నడుస్తుంది, అక్కర్లేని ప్యాకెట్ టీసీపీడంప్ దాకా రానే రాదు. మెకాన్, జేకబ్‌సన్ 1992లో రాసిన పేపర్‌లోని ఆలోచన ఇది, పేరు బీపీఎఫ్. ఇవాళ క్లౌడ్‌లో కంటైనర్లు నడిపే కుబర్నెటిస్ వాళ్లు రోజూ జపించే ఈబీపీఎఫ్ దాని వారసుడే.

కొత్త కనెక్షన్ల ప్రయత్నాలు మాత్రమే కావాలంటే, అంటే చుక్క లేని ఎస్‌లు మాత్రమే, ఇది రాసి పెట్టుకోండి:

'టీసీపీ[టీసీపీఫ్లాగ్స్] & (టీసీపీ-సిన్|టీసీపీ-యాక్) == టీసీపీ-సిన్'

సిన్ అంటే ఎస్-వై-ఎన్, యాక్ అంటే ఏ-సి-కె. మీ సర్వర్ తలుపు ఎవరెవరు తడుతున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. పబ్లిక్ ఐపీ ఉన్న సర్వర్ మీద మొదటిసారి ఇది కొట్టినవాళ్లకి ఆ రాత్రి నిద్ర పట్టదు. కంగారుపడకండి, తలుపులు తట్టి చూసే బాట్లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. తట్టడం వేరు, లోపలికి రావడం వేరు.

విజయవాడ కేసు

ఇప్పుడు ఆ ఫోన్ సంగతికి వద్దాం. పింగ్ ఐపీ అడ్రస్‌కి కొడితే బాగుంది, పేరుతో పిలిస్తే ఆలస్యం. కాబట్టి డీఎన్‌ఎస్ మీద అనుమానం పెట్టుకుని అతని చేత ఇది కొట్టించాను:

సుడో టీసీపీడంప్ -ఐ ఈఎన్‌ఎస్33 -ఎన్ పోర్ట్ 53

ఇంకో టెర్మినల్ తెరిచి ఒక సైట్‌ని పిలవమన్నాను. అతను చదివి వినిపించిన వరుసలు ఇలా ఉన్నాయి. అడ్రస్‌లు, సైట్ పేరు మార్చాను, ఐపీవీ6 కోసం అడిగిన వరుసలు తీసేశాను:

11:20:31.402118 ఐపీ 10.0.5.20.41877 > 203.0.113.53.53: 4211+ ఏ? ఎగ్జాంపుల్.కామ్. (29)
11:20:36.407530 ఐపీ 10.0.5.20.38102 > 1.1.1.1.53: 4211+ ఏ? ఎగ్జాంపుల్.కామ్. (29)
11:20:36.439871 ఐపీ 1.1.1.1.53 > 10.0.5.20.38102: 4211 1/0/0 ఏ 192.0.2.44 (45)

"మొదటి వరుసకి జవాబు ఏదిరా?" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "లేదన్నా" అన్నాడు.

4211 అనేది ప్రశ్నకి వేసిన టోకెన్ నంబర్. "ఏ?" అంటే ఈ పేరుకి ఐపీ అడ్రస్ ఏది అని. 31వ సెకనులో ఒక డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడిగింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. సరిగ్గా 5 సెకన్లు చూసి, అదే టోకెన్‌తో రెండో సర్వర్‌ని అడిగింది. అది 32 మిల్లీసెకన్లలో చెప్పేసింది. లినక్స్‌లో పేరు వెతికే లైబ్రరీ ఒక డీఎన్‌ఎస్ సర్వర్ కోసం మామూలుగా ఎదురుచూసేది 5 సెకన్లే. అందుకే ఎక్కడైనా ఐదో పదో సెకన్ల ఆలస్యం గడియారం పెట్టినట్టు వస్తుంటే నేను ముందు పోర్ట్ 53 చూస్తాను.

కారణం చాలా చిన్నది. ఆర్నెల్ల కిందట ఇంటర్నెట్ కనెక్షన్ మార్చుకున్నారు. ఏ డీఎన్‌ఎస్‌ని అడగాలో రాసి ఉండే రిసాల్వ్.కాన్ఫ్ ఫైల్‌లో మాత్రం పాత కనెక్షన్ ఇచ్చిన డీఎన్‌ఎస్ అడ్రస్సే మొదటి వరుసలో ఉండిపోయింది. ఆ డీఎన్‌ఎస్ తన కస్టమర్లకు తప్ప ఎవరికీ జవాబివ్వదు, ఇవ్వనని కూడా చెప్పదు. మొదట్లో ప్రోగ్రాంలు పేర్లను గుర్తుపెట్టుకుని నడిపించాయి కాబట్టి ఎవరికీ పట్టలేదు. రెండు రోజుల ముందు అప్‌డేట్ వేసి సర్వర్ రీస్టార్ట్ చేశాక బయటపడింది. ఆ కనెక్షన్ మార్పించిన రోజు చెక్‌లిస్ట్ రాసింది నేనే. ఈ ఫైల్ అందులో లేదు.

డీఎన్‌ఎస్ వరుసల్లో ఇంకొకటి చూసుకోవాలి. జవాబులో ఎన్ఎక్స్‌డొమైన్ అని వస్తే ఆ పేరే లేదని అర్థం, సర్వర్ మాత్రం బతికే ఉంది. స్పెల్లింగ్ చూసుకోండి.

కనెక్షన్ ఎక్కడ తెగింది

డీఎన్‌ఎస్ బాగుండి కూడా పని జరగకపోతే, ఆ హోస్ట్‌నీ పోర్ట్‌నీ ఫిల్టర్‌లో పెట్టి మూడు వరుసల పలకరింపు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

ఎస్ పోయింది, ఏమీ రాలేదు. సెకను తర్వాత మళ్లీ ఎస్, ఇంకా ఇంకా ఎస్‌లు, వాటి మధ్య విరామం పోనుపోను రెట్టింపవుతుంది. అరిచి అరిచి మధ్యలో ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. అవతల మెషీన్ ఆగిపోయి ఉండాలి, లేదా దారిలో ఫైర్‌వాల్ (ప్యాకెట్లను వడపోసే కాపలా) మింగేస్తుండాలి. క్లౌడ్ సర్వర్లలో పోర్ట్ తెరవడం మర్చిపోయినప్పుడు కనిపించేది మామూలుగా ఇదే.

ఎస్ పోగానే ఆర్ చుక్క వచ్చింది. ఇది నిజానికి మంచి వార్త. దారి బాగుంది, మెషీన్ బతికే ఉంది. ఆ పోర్ట్‌లో వినేవాడే లేడు. సర్వీస్ ఆగిపోయి ఉంటుంది, లేదా అది ఎల్ఓ మీద మాత్రమే వింటూ ఉంటుంది. సర్వర్‌లోకి వెళ్లి "సుడో ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ" (మైనస్ తర్వాత టి-ఎల్-ఎన్-పి) కొడితే ఏ ప్రోగ్రాం ఏ పోర్ట్‌లో కూర్చుందో తెలుస్తుంది. ప్యాకెట్ వెనకున్న ప్రోగ్రాం పేరు లినక్స్‌లో టీసీపీడంప్ చెప్పదు, దానికి ఈ ఎస్ఎస్ కమాండే దిక్కు.

మూడు వరుసలూ వచ్చాయి, [పి.]తో మన ప్రశ్న పోయింది, అటునుంచి ఒంటి చుక్క వచ్చింది, తర్వాత అంతా నిశ్శబ్దం. ప్రశ్న అవతలి కంప్యూటర్‌కి అందింది. జవాబు తయారు చేయాల్సిన అప్లికేషనే ఎక్కడో ఇరుక్కుంది. నెట్‌వర్క్ వాళ్ల మీద అరుస్తున్న డెవలపర్లకి ప్రేమగా చూపించాల్సిన వరుసలు ఇవి.

ఇంకొక రకం ఉంది, మహా చిరాకు పెడుతుంది. చిన్న పేజీలు తెరుచుకుంటాయి, లాగిన్ అవుతుంది, పెద్ద ఫైల్ పంపబోతే మాత్రం నిలబడిపోతుంది. వరుసల్లో "సీక్ 1:1449" అని అదే సరుకు మళ్లీ మళ్లీ పోతూ ఉంటుంది. దారిలో ఎక్కడో 1500 బైట్ల ప్యాకెట్ పట్టడం లేదన్నమాట. పీపీపీఓఈ లాగిన్‌తో నడిచే కనెక్షన్లలో 8 బైట్లు దానికే పోయి 1492 మిగులుతుంది. "ఇది పట్టదు, చిన్నది చేసి పంపు" అని చెప్పే ఐసీఎంపీ కబురును ఎవరో అతి జాగ్రత్తపరుడు ఫైర్‌వాల్‌లో ఆపేసి ఉంటే, పంపేవాడికి విషయం తెలియనే తెలియదు. ఇలా తేల్చుకోండి:

పింగ్ -ఎం డూ -ఎస్ 1472, తర్వాత అడ్రస్

ఇక్కడ ఎం పెద్దక్షరం, డూ అంటే డి-ఓ. ప్యాకెట్‌ని దారిలో ముక్కలు చేయవద్దని దీని అర్థం. 1472కి 28 బైట్ల హెడర్లు కలిస్తే 1500. ఇది పోకుండా 1464 పోతే మీ దారి వెడల్పు 1492.

కళ్లను మోసం చేసేవి

సర్వర్‌లో ప్యాకెట్ వచ్చినట్టు టీసీపీడంప్ చూపించింది కాబట్టి అప్లికేషన్‌కి అందిందని అనుకోకండి. లినక్స్‌లో వచ్చే ప్యాకెట్‌ని ఇది ఆ మెషీన్ సొంత ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది. గేటు దగ్గర కెమెరాలో కనిపించిన మనిషిని వాచ్‌మన్ వెనక్కి పంపేసి ఉండొచ్చు. పోయే ప్యాకెట్ల విషయంలో తిరగబడుతుంది, ఫైర్‌వాల్ దాటాకే ఇది చూస్తుంది. ఎస్‌లు లోపలికి వస్తున్నాయి, ఎస్ చుక్క బయటికి రావడం లేదు అంటే నేను ముందు ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్) నియమాలు తెరుస్తాను.

-వి పెట్టి చూస్తే మీ మెషీన్ పంపే ప్యాకెట్లకి చెక్‌సమ్ (డేటా చెడలేదని చూసుకునే లెక్క) తప్పు అని రావచ్చు. టెన్షన్ పడకండి. ఆ లెక్క వేసే పని నెట్‌వర్క్ కార్డ్‌ది, టీసీపీడంప్ చూసేసరికి అది ఇంకా వేసి ఉండదు. 1500 దాటకూడని చోట లెంగ్త్ 2896 అని కనిపించినా అంతే, ముక్కలు చేసే పని కూడా కార్డ్‌కే అప్పగించారు.

ఫైల్‌లో పట్టుకోవడం

సమస్య మనం చూస్తున్నప్పుడు రాదు. అందుకే ఫైల్‌లోకి రాయించాలి:

సుడో టీసీపీడంప్ -ఐ ఈఎన్‌ఎస్33 -ఎన్ -డబ్ల్యూ /టీఎంపీ/రాత్రి.పీక్యాప్ -సి 100 -డబ్ల్యూ 10 పోర్ట్ 443

ఇందులో మొదటి డబ్ల్యూ చిన్నక్షరం, ఫైల్ పేరు కోసం. ఫైల్ పేరు ఇంగ్లిషులో మీకు నచ్చినది పెట్టుకోండి. ఆ తర్వాత వచ్చే సి, రెండో డబ్ల్యూ పెద్దక్షరాలు: ఒక్కో ఫైల్ 100 మిలియన్ బైట్లు, మొత్తం 10 ఫైళ్లు, నిండాక మొదటిదాని మీదే మళ్లీ రాస్తుంది. ఈ రెండూ పెట్టకుండా రాత్రంతా వదిలేసి, పొద్దున డిస్క్ నిండిపోయి సర్వర్ పడిపోయిన సందర్భం ఒకటి నా ఖాతాలో ఉంది. వివరాలు అడగకండి.

పర్మిషన్ లేదని ఎర్రర్ వస్తే తికమక పడవద్దు. చాలా లినక్స్‌లలో ఇది మొదలయ్యాక రూట్ హక్కులు వదిలేసి, టీసీపీడంప్ అనే మామూలు యూజర్‌గా మారిపోతుంది. ఆ యూజర్ మీ ఫోల్డర్‌లో రాయలేడు. టీఎంపీ ఫోల్డర్ వాడమనేది అందుకే.

ఈ ఫైల్ మామూలుగా తెరిస్తే చెత్తలా కనిపిస్తుంది. చదవడానికి "టీసీపీడంప్ -ఎన్ -ఆర్" కొట్టి ఫైల్ పేరు ఇవ్వాలి. చదవడానికి రూట్ అక్కర్లేదు, ఫిల్టర్లన్నీ ఇక్కడా పనిచేస్తాయి. లేదా మీ ల్యాప్‌టాప్‌కి తెచ్చుకుని వైర్‌షార్క్‌లో తెరవండి. సర్వర్‌లో పట్టడం దీనితో, తీరిగ్గా విప్పి చూడడం దానితో. నా పద్ధతి ఇదే.

అయితే ఆ ఫైల్‌ని వాట్సాప్ గ్రూప్‌లో పడేయకండి. హెచ్‌టీటీపీఎస్ లోపలి మాటలు కనిపించవు, నిజమే. కానీ ఏ సైట్‌కి వెళ్లారన్నది డీఎన్‌ఎస్ ప్రశ్నల్లో, చాలాసార్లు హెచ్‌టీటీపీఎస్ మొదటి పలకరింపులో కూడా కనిపిస్తుంది. ఇంకా పాత హెచ్‌టీటీపీ మీద నడిచే లోపలి అప్లికేషన్లు ఉంటే పాస్‌వర్డ్‌లు పచ్చిగా ఉంటాయి. పెద్దక్షరం ఏతో -ఏ పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. హెడర్లు చాలనుకుంటే చిన్నక్షరంతో -ఎస్ 96 పెట్టండి, ప్రతి ప్యాకెట్‌లో మొదటి 96 బైట్లే రాస్తుంది. లోపలి సరుకు దాదాపుగా రాదు, ఫైల్ కూడా చిన్నదవుతుంది.

కంట్రోల్, సి కొట్టి ఆపినప్పుడు కింద మూడు లెక్కలు వస్తాయి. మూడోది కెర్నెల్ జారవిడిచిన ప్యాకెట్లు. అది 0 కాకపోతే, రాని వరుస నిజంగా రాలేదో, వచ్చినా మీకు అందలేదో చెప్పలేం. ఫిల్టర్ ఇంకా బిగించి మళ్లీ పట్టండి. ఇక, "డేటా అంతా ఎవరు తినేస్తున్నారు?" అన్నదే మీ ప్రశ్న అయితే టీసీపీడంప్ పక్కన పెట్టి నెట్‌హాగ్స్ వాడండి, ప్రోగ్రాం పేరుతో సహా లెక్క చెబుతుంది.

ఇంకో ఫోన్

మొన్న అదే కుర్రాడు మళ్లీ చేశాడు. ఈసారి "స్లో" అనలేదు. "అన్నా, కొత్త సర్వర్‌లోకి ఎస్ వస్తోంది. మనవైపు నుంచి ఎస్ చుక్క పోతోంది. చుక్క మాత్రం రావట్లేదు. మనది ఎస్ చుక్కే మళ్లీ మళ్లీ పోతోంది" అన్నాడు.

"ఎనీ మీద చూస్తున్నావా?"

"అవునన్నా."

"ఐపీ అనే మాటకి ముందు ఏముందో చదువు."

2020 చివర్లో వచ్చిన 4.99 వెర్షన్ నుంచి ఎనీ మీద చూస్తే ప్రతి వరుసలో ఇంటర్‌ఫేస్ పేరు, ఇన్ లేదా ఔట్ అని ఉంటుంది. ఎస్ వచ్చినది ఈఎన్‌ఎస్33, ఇన్. ఎస్ చుక్క పోతున్నది ఈఎన్‌ఎస్37, ఔట్. ఆ సర్వర్‌కి రెండు కార్డులు. ముందు తలుపు నుంచి వచ్చినవాడికి జవాబు దొడ్డి గుమ్మం నుంచి పోతోంది. అటువైపున్న ఫైర్‌వాల్ అసలు ఎస్ చూడలేదు కాబట్టి ఎస్ చుక్కని పారేస్తోంది. "ఐపీ రూట్" (ఇక్కడ రూట్ అంటే ఆర్-ఓ-యు-టి-ఇ, దారి) కొట్టమన్నాను. బయటికి పోయే డిఫాల్ట్ గేట్‌వే ఈఎన్‌ఎస్37 మీద ఉంది. దాన్ని తీసి 33 మీదకి మార్చాడు, కమాండ్ నడుస్తూనే ఉంది.

"వచ్చిందన్నా చుక్క" అన్నాడు.